నోరులేని నెలలు

వాల్దాయ్ అడవి అంచున, ఫిబ్రవరి మంచులో
కొట్టిన చెట్టొకటి బొరియ మీద పడింది.
తల్లి ఎలుగు పారిపోయింది. మూడు పిల్లలూ
బంగాళాదుంపల బస్తాలో నా దగ్గరికొచ్చాయి.

ఒకటి ఆ రాత్రే పోయింది.

మూడు గంటలకోసారి పాలసీసా.
చేతులకు నాచు రుద్దుకుని,
తలమీదుగా బూడిదరంగు అంగీ కప్పుకుని వెళ్ళాలి.
మాట్లాడకూడదు.
మనిషి గొంతును పాలతో ముడేసుకున్న ఎలుగు
తుపాకీ దగ్గరికీ మూతి చాచుకునే పోతుంది.

నేనా, కోడిగుడ్డుకి అరగంట బేరమాడే గ్లఫీరాని!
చిన్నది నా బొటనవేలు చీకుతూ గుర్రుమంటే
బుజ్జీ, బంగారూ, అన్నీ నాలుక దాకా వచ్చి
పళ్ళ వెనకే కూర్చునేవి.
నోరులేని జీవాలంటారు వాటిని.
ఆ ఏడు నెలలూ నోరులేనిది నేనే.
ఇంట్లోనూ మాట పడిపోయిందని
పహోమ్ డాక్టర్ని పిలవబోయాడు.

సెప్టెంబరు. పెట్టె తలుపు పైకి లాగాం.
పెద్దది వెనక్కి చూడలేదు.
చిన్నది నాలుగడుగులేసి, ఆగి, తిరిగొచ్చి
నా అంగీ అంచు వాసన చూసింది.

అప్పుడరిచాను.
గిన్నె మీద గరిటెతో బాదుతూ
పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ తిట్టని తిట్లు తిట్టాను.
అది నా గొంతు వినడం అదే మొదలు.
పొదలు విరుగుతున్న చప్పుడు
చాలాసేపు దూరమైంది.

ఇంటిదాకా పహోమ్‌తో మాట్లాడుతూనే ఉన్నాను,
బొంగురు గొంతుతో,
కోడిగుడ్ల ధర గురించి.