జ్ఞానతల్లి

శనివారం లోపల పేర్లు రాసియ్యమన్నడు ఫాదర్.
మా ఆయన జేబుల కాయితం నాలుగు మడతలైంది.
జ్ఞానతండ్రి మిర్యాలగూడ బావ, రాయపరెడ్డి.
గొలుసు తెస్తనన్నడు.
కింది గీత ఖాళీ.

ఇన్నాసమ్మ చిన్నమ్మ పేరు తీస్తే
అత్తమ్మ గిన్నె తోముడు ఆపింది:
"చేతులు సాగవు గదనే, బిడ్డనెట్ల పడుతది?"

నిజమే.
మర్రిగూడ బోరునీళ్ళు తాగి తాగి
ఇరవై ఏండ్లకే మోచేతులు వంగి బిగుసుకున్నయి.
ఆమె సిలువ గుర్తు నుదుటి దాకా పోదు,
గదుమ కాన్నుంచే మొదలైతది.

నిన్న పొద్దుగూకంగ వచ్చి కూసుంది.
తెల్లగౌనుకు గుండీ కుడుతున్న.
జసింత లేచి ఒకటే ఏడుపు.
సూది నోట్ల పెట్టుకొని
ఆ వంగిన చేతులల్ల పండవెట్టిన.
సర్దే పనే పడలే.

అత్తమ్మ మళ్ళ గిన్నె అందుకుంది.

ఆదివారం గుడికి నీళ్ళు మాత్రం
కృష్ణ నల్లావే పట్టమన్న.