అడుగు లెక్క

సాలిహుండం కొండ మీదికి నన్ను పిలిచింది
బొమ్మలు చూడ్డానికి కాదు,
బొమ్మల కింద తెలుగులో పేర్లు రాయడానికి.
అట్టకి ముప్పై రూపాయలు. పదకొండు అట్టలు.
గారలో సైకిలెక్కాను, మధ్యలో గొలుసు ఊడింది,
మిట్ట దగ్గర్నుంచి తోసుకుంటూ వెళ్లాను.

స్తూపం ఇటుకల మీద తొండలు.
కింద మార్చి నెల వంశధార, ఇసుకే ఎక్కువ.
మ్యూజియం వరండాలో, రాతి మారీచికి ఎదురుగా
జపాను సాధువు ఒకాయన
చాపచుట్టల్లాంటివి విప్పుతున్నాడు.
అసలువి కావట, నకళ్లట.
నకలు తీసే చెయ్యి కుదరడానికే
నలభై ఏళ్లు పట్టిందట.

మొదటి చుట్టలో
కింద మూలన ఓ పడవ, పడవలో గడ్డిటోపీ.
పైన, కొండ ఉందో లేదో అన్నట్టు ఒక గీత.
మిగిలిందంతా కాగితమే.

నాకు లెక్క అందలేదు.
నేను గోడలు రాసేవాణ్ణి,
ట్రాక్టరు వెనక నెమళ్లు వేసేవాణ్ణి.
చదరపు అడుక్కి ఇంత అని మా బేరం.
రంగు పడని చోటుకి పైసా రాదు.
సందు కనిపిస్తే పువ్వు, ఇంకా మిగిలితే తీగ.
ఈ మహానుభావుడు ఆరడుగుల చుట్టలో అరడుగు వేసి
మిగతా ఐదున్నరా
ఎవరికి చూపించి డబ్బులడిగాడు?

పొందూరు నుంచి అసిరమ్మ వచ్చింది.
వాలుగ చేప దవడతో దూది ఏకిన చేతులు.
బొమ్మకేసి చూడనే లేదు,
అంచున అతికిన గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపి
"పట్టే! నూలు కాదు" అని పెదవి విరిచింది.
అప్పుడు తలెత్తి
"ఇదేటి బావూ, గీసీ గీయక ఒగ్గేసినారు?"
సాధువు ఏమందని అడిగాడు. ఎవరూ చెప్పలేదు.
ఆకుపచ్చటి టీ పోసిచ్చాడు.
ఆవిడ ఒక గుక్క తాగి పంచదార అడిగింది.

ఆరో చుట్ట గోడంత.
బుద్ధుడు కుడి పక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు.
అది నిద్ర కాదని ఏనుగుని చూశాక తెలిసింది,
వెల్లకిలా పడి, కాళ్లు గాలిలోకి ఎత్తి ఏడుస్తోంది.
ఎద్దు. పాము. కోడి. పేర్లు తెలీని పిట్టలు.
కళింగపట్నం బడిపిల్లల్లోంచి ఒక గుంట
మోచేతులతో తోసుకుంటూ ముందుకొచ్చి
"ఒలే, పీత కూడా ఏడస్తందే!" అంది.

నిజమే.
అన్నిటికంటే కింద, చిటికెన వేలి గోరంత పీత,
ముందుకాళ్లు రెండూ ఎత్తి.
పొద్దున్నుంచి అక్కడే ఉన్నాను, నాకు కనపడలేదు.

"మరి పిల్లేదీ?"
వెతికాం. నేను, ఆ పిల్ల, వాళ్ల మాస్టారు.
లేదని తెలిసి కూడా సాధువు
నడుం వంచి మాతోపాటు వెతికాడు.
"రేవు కాడికి పోయుంటాది," తేల్చేసింది పిల్ల.
"సేపలొచ్చే ఏల కదా."
ఈ మాట మాత్రం ఆయనకి చెప్పారు.
నవ్వలేదు. చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఆ బొమ్మకి మహాపరినిర్వాణం అని రాయాలి.
ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేనిది,
చివరి సున్నాకి చోటు చాలలేదు,
సగం అట్ట మీద, సగం గాలిలో.
కొత్త అట్ట తెస్తామన్నారు.
వద్దని చెయ్యూపాడాయన.

మర్నాడు రేవులో సూరాడ ఎర్రన్న కొత్త పడవ.
పేరు, రెండు పక్కలా అలలు, చేపలు, తామరలు, అదీ ఒప్పందం.
పేరు రాశాను.
చివర, నీటి గీతకి కాస్త పైన
ఒక పీతని వేశాను.
బ్రష్షు కడిగేశాను.

"మిగతాదేటి?"
నీలం డబ్బా మూత తీసే ఉంది.
అదీ వేసిందే ఎర్రన్నా, అందామనుకున్నాను,
నోరు రాలేదు.
"అయితే సగమే ఇస్తాను."

సగమే పుచ్చుకున్నాను.
ఇంటికి పోతూ ఐదున్నర అడుగులకి
ఎంతవుతుందో నోటిలెక్క వేశాను.
తేలలేదు.
గొలుసు మళ్లీ ఊడింది.