అద్దె పదిహేను

అట్టముక్క మీద ఎర్ర స్కెచ్చు పెన్నుతో నేనే రాశాను:
ఒకటో తారీకు నుంచి అద్దె పదిహేను.
వరస వంకరపోయింది.
మళ్ళీ రాయమన్నాడు మా తమ్ముడు. రాయలేదు.
వంకరగా ఉంటే
పెంచడం నాకూ ఇష్టం లేదని తెలుస్తుందనుకున్నాను.

మల్కాపురం మెయిన్ రోడ్డు, మేడమెట్ల కింద కొట్టు.
షిప్‌యార్డు సైరన్ మోగితే షట్టరెత్తేవాణ్ణి.
ముందుగా వచ్చినవాడు వెల్డరు సన్యాసిరావు.
అట్ట చదివాడు. ఇంకోసారి చదివాడు.
"ఏటి బావూ, డిస్కుకి బంగారం పూత పూయించినావేటి?"
పది కాయితం బల్ల మీద పెట్టి
దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు,
కాసేపు కప్పి ఉంచితే
మిగతా అయిదూ అక్కడే మొలుస్తుందన్నట్టు.

నేవీ క్వార్టర్స్ కుంజమ్మగారు తెలుగులో తిట్టడం చేతగాక
మలయాళంలో తిట్టి, చివర్న "సారీ" అన్నారు.
ఆటో దాలినాయుడు పాత బాకీ మొత్తం కక్కేసి
"నీకూ నాకూ చెల్లు" అని వీధంతా వినబడేలా చెప్పి
శనివారం రాత్రి మళ్ళీ వచ్చాడు,
కొడుకుని ముందు నిలబెట్టుకుని, అడిగేది వాడే అన్నట్టు.
చేపల నూకాలమ్మ మాత్రం న్యాయం అడిగింది:
"వంజరం రేటు పెరిగితే నువ్వు తినడం మానేసినావా?"
మానేశానన్నాను.
"అయితే నానూ మానీవాల" అని నవ్వి
ఒకటికి రెండు పట్టుకెళ్ళింది.

నెల్లాళ్ళు తిట్టారు.
గీతలు చూపించి, దీనికా పదిహేను అన్నారు.
సెకండాఫ్‌లో ఆగిపోయిందని సగం వెనక్కి అడిగారు.
హీరో చచ్చిపోయాడని
మొత్తం వెనక్కి అడిగినవాడూ ఉన్నాడు.

హుద్‌హుద్ వెళ్ళిన ఆరో రోజు.
కరెంటు లేదు, నీళ్ళు లేవు.
తాడు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి డిస్కులు ఆరేస్తున్నాను.
ఎదురు గోడ మీద గుండ్రటి వెలుగులు పాకుతుంటే
పిల్లలు వాటిని పట్టుకోబోతున్నారు.
సన్యాసిరావు వచ్చి లుంగీ మడతలోంచి కవరు తీశాడు.
"రేకులెగిరిపోనాయి. టీవీ పోనాది. ఇది ఉండిపోనాది.
ఫైనెంత?"

ఆ తర్వాత ఎవరెప్పుడు మానేశారో నాకు తెలీదు.
తిట్టినవాళ్ళు వెళ్ళలేదు.
వెళ్ళినవాళ్ళు తిట్టలేదు.
రోడ్డు మీద ఎదురుపడితే చేతిలో ఫోను
చటుక్కున జేబులోకి పోయేది,
పెద్దాయన కనబడితే సిగరెట్టు దాచినట్టు.
దాచక్కర్లేదురా అనాలనిపించేది.
నా జేబులోనూ అదే ఉంది.

ఇప్పుడు అదే కొట్లో ఫోన్లకి గ్లాసులు అతికిస్తాను.
నిన్న పొద్దున్న మెసేజీ వచ్చింది:
మీ ప్లాను ధర మారుతోంది. మాతో ఉన్నందుకు ధన్యవాదాలు.
అక్షరాలు ఎంత తిన్నగా ఉన్నాయో!
రాత్రి సగం చూసి ఆపిన సినిమా
తెల్లారేసరికి జాబితాలోనే లేదు.
డబ్బు కట్టినా మధ్యలో సబ్బుల ప్రకటన.
ఫోను చేస్తే ఒకటి నొక్కమంది, తర్వాత నాలుగు,
తర్వాత వాయిద్యం.
గట్టిగా ఒక మాట అన్నాను.
కొట్లో ఉన్న గ్లాసులన్నీ నన్నే చూపించాయి.

మధ్యాహ్నం సన్యాసిరావు వచ్చాడు.
రిటైరయి మూడేళ్ళు. కళ్ళకి ఆపరేషనయింది.
ఫోను బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించాడు.
"ఏటి బావూ ఇది?
చెప్పాపెట్టకుండా పెంచీడమేనా?"

నేను కాదు కదా పెంచింది, అనబోయాను.
ఆ చేతిని చూశాను.
వేళ్ళ మీద నిప్పురవ్వల మచ్చలు
అలాగే ఉన్నాయి.

"ఏం చెయ్యమంటావు, పైనుంచే పెరిగింది" అన్నాను.
అప్పుడూ ఇదే అన్నాను.

స్టూలు అతని వైపు జరిపాను.
కూచుని, గొంతు సవరించుకుని
మొదలుపెట్టాడు.