రైట్ రైట్

కొల్లాపురం డిపోల ఐదు రోజుల సెలవు రాసిన.
కారణం అన్న కాడ "నది" అని పెట్టిన.
మేనేజరు కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ల చదివిండు.
"ఎవరన్న పోయిన్రా?"
"లేదు సార్, నేనే పోతున్న."

బీచుపల్లి నుంచి సోమశిల దాక నాలుగు పగళ్ల పోటీ.
పొట్లకాయల లెక్క సన్నగ, పొడుగ్గ
పట్నపోళ్ల కయాకులు ముందట.
వెనక మా పుట్లు, ఏడంటే ఏడు,
తారు పూసి, మీద సున్నంతోని నంబరేసి.
మాది ఐదు.
గుండ్రటిదానికి ముందేది, వెనకేది?
తెడ్డు కుడికేస్తె ఎడమకు మొకం తిప్పుతది,
ఎడమకేస్తె అలిగి మొదటికొస్తది.
"పుట్టిని తిన్నగ తోలాలంటే
ముందుగాల అది తిరుగుతదని ఒప్పుకోవాలె"
అంటది ఈదమ్మ.
ఆమె బెస్తామె. నేను చిల్లర లెక్కవెట్టేదాన్ని.

మొదటి పొద్దు విజిల్ ఊదంగనే
అలవాటు, నోట్లకెల్లి "రైట్ రైట్" అని వచ్చింది.
ఆమె కుడి దిక్కు చూసింది. పుట్టి గూడ చూసింది.
రెండు చుట్లు తిరిగి బయలెల్లిన ఒడ్డుకే తగిలినం.
గట్టు మీద పిలగాండ్లు పడి పడి నవ్విన్రు.

రెండోనాడు తుంగభద్ర వచ్చి కలిసిన కాడ
ఒక దిక్కు పలుచటి చాయ,
ఒక దిక్కు చిక్కటి డికాషను.
నడుమ గీత మీద మేము.
అరచేతుల బొబ్బలు పగిలి
నీళ్లు తగిలితె మంట, తగలకుంటె ఇంక మంట.
రాత్రి టెంటు కాడ జొన్నరొట్టె తుంచబోతె
వేళ్లు ముడుచుకోలె.
ఈదమ్మ తుంచి, ఎర్రకారం అద్ది,
తిట్టుకుంటనే నా నోట్ల వెట్టింది.
"బస్సుల నిలవడేదానివి, నీకెందుకే ఈ గోస?"

చెప్పలె. చెప్పెటంత పెద్దదేం లేదు.
ఇరవై రెండేండ్ల సంది కర్నూలు బస్సుల
ఆ వంతెన మీదికెల్లి పోతున్న.
కిటికీలకెల్లి నది కనవడుతది,
సరిగ్గ అప్పుడే ఎవడో
ఐదొందల నోటు చేతుల వెడతడు.

మూడోనాడు జటప్రోలు దాటినంక ఎదురుగాలి.
పది బారలు ముందుకు, పన్నెండు వెనక్కి.
కయాకు పిలగాడొకడు అలిసి
మా పుట్టి అంచు వట్టుకొని ఆగిండు,
"ఇది మీరెట్ల నడుపుతున్నరాంటీ" అన్నడు.
ఈదమ్మ చెవిన పెట్టలె. తెడ్డాపి
నీళ్లకేసి చూస్తుంది.

"గీడ్నే" అన్నది.
"ఏంది?"
"మా యిల్లు. కింద.
గా గుట్ట ముక్కుకు, గీ మొండి తుమ్మకు నడుమ.
నేను పుట్టిన పొయ్యింట్ల ఇప్పుడు చేపలున్నయి."

నేను నీళ్ల బాటిల్ మూత పెట్టిన.
పిలగాడు టోపి తీసిండు.
ఏడుస్తదేమో అని ఇద్దరం ఎదురుచూసినం.
ఆమె ఆకు ముద్దను ఇంకో దవడకు మార్చి
"పొయ్యి మీద ఏం లేదు ఇప్పుడు. తెడ్డెయ్యి" అన్నది.

గంటసేపు ఎవరం మాట్లాడలె.
నా తెడ్డు మాత్రం లోతుకు దిగెటందుకు జంకింది,
ఎవరింటి దూలానికో తగులుతదని.

నాలుగోనాడు పొద్దుగాల్ల నీటికుక్కలు ఐదు
మా పక్కపొంటి తలలెత్తి ఈదినయి,
నంబరు లేకుండ, జాకెట్టు లేకుండ,
మమ్ముల దాటి పోయి, ఆగి, వెనక్కి చూసినయి.
సోమశిల రేవుకు పుట్లల్ల నాలుగోది మాది.
మెడల్ లేదు. తలా ఒక తువాల ఇచ్చిన్రు.
ఈదమ్మ దాన్ని తలకు చుట్టి
మైకు వట్టుకున్నాయన్ని అడిగింది:
"గెలువకపోతిమి సరే, నాలుగు రోజుల కూలన్న ఇయ్యవా?"
ఆయన నవ్విండు. ఆమె నవ్వలె.

సోమవారం నాడు వంతెన ఎక్కంగనే
ఎవడో ఐదొందల నోటు చాపిండు.
"ఆగు" అన్న.
నీళ్లు అయిపోయేదాక ఆగిండు, పాపం.
నిలవడ్డ కాడ్నే నా నడుము
కొంచెం ఎడమకు తిరిగింది.
వంతెన దిగినంక స్టేజి కాడ ముగ్గురెక్కిన్రు.
డ్రైవరు అద్దంలకెల్లి నా దిక్కే చూస్తుండు.
రైట్ రైట్ అన్న.
బస్సు తిన్నగనే పోయింది.