తమ్ముడి వేలు

మర్ఫీ టౌన్ కార్పొరేషన్ స్కూలు, మూడో గది.
ఎవరో సగం తుడిచి వదిలేసిన కన్నడ పద్యం కింద
నలుగురు ఆఫీసర్లు, చల్లారిన ఒక కాఫీ.

"మీ ఓటు ఇప్పుడే అయింది కదమ్మా?"
అయింది సార్. ఇది మా తమ్ముడిది.
చెంగల్రాయుడు, హవల్దారు.
ఇక్కడే అలసూరు చెరువు పక్కన
వంతెనలు కట్టడం నేర్చుకున్నాడు.
ఇప్పుడు నైలు ఒడ్డున నీలం టోపీ పెట్టుకుని
వేరేవాళ్ళ వంతెన కడుతున్నాడు.
వాడి బదులు నేను.

ఫారం మీద వాళ్ళ కర్నల్ సంతకం.
ఆఫీసరు పుస్తకం తిరగేశాడు,
ఇంకో ఆఫీసర్ని పిలిచాడు.
వెనక పాల సంచీ పట్టుకున్నాయన "బేగ, బేగ" అని గొణిగాడు.
చివరికి,
"ఎడమ చెయ్యి. నడిమి వేలు."

నవ్వొచ్చింది నాకు.
ఆ చేత్తో అన్నం ముట్టానని
అమ్మ అట్లకాడ తిరగేసిన చెయ్యి అది.
పక్కన కూర్చుని తనూ ఎడమచేత్తో కలుపుకుని
సగం దెబ్బలు పంచుకున్నాడు ఆ వెధవ.

ఎవరికెయ్యాలో ఫోన్లో ముందే చెప్పాడు.
మాటకీ మాటకీ మధ్య మూడు సెకన్ల గాలి.
"వాడికా? మన వీధికి ట్యాంకరు రానివ్వనోడికా?"
ఆ గాలిలోనే పోట్లాడుకున్నాం.
నేను గెలిచేలోపు లైను తెగింది.

అట్ట చాటున నేనూ, యంత్రమూ.
వాడు చూడడు. కర్నల్ చూడడు.
నా వేలు నా గుర్తు మీదికే జారింది,
సూది పాత కుట్టు కంతలోకే దిగినట్టు.
వెనక్కి లాక్కున్నాను.
వాడి గుర్తు వెతికి నొక్కాను.
అద్దం వెనక ఏడు సెకన్లు చీటీ.
ఎవర్నో రైలెక్కించినట్టు
చూస్తూ నిలబడ్డాను.

సోమవారానికి నలభై యూనిఫారాలు.
నాది ఎడమచేతి కుట్టు,
అంగుస్తానా తొడిగేది ఆ నడిమి వేలికే.
ఇత్తడి కింద వాడి సిరా,
పక్కన బయటే నా సిరా.
లెక్కలో రెండూ కొట్టేసుకుంటాయి, తెలుసు.
వాడు ఇంట్లో ఉన్నా అంతేగా.
ఒకే స్కూటరు మీద వెళ్ళి,
వేరే వేరే బొత్తాలు నొక్కి,
వచ్చే దారిలో దోసె ముందు
మొహాలు తిప్పుకుని కూర్చునేవాళ్ళం.
బిల్లు మాత్రం వాడే ఇచ్చేవాడు.

రాత్రి ఫోటో అడిగాడు.
వేలొక్కటే కనపడేలా తీసి పంపాను.
ఎవరికేశావని అడగలేదు.
"నేనొచ్చేదాకా ఆ గోరు తియ్యకు" అని రాశాడు.
వాడొచ్చేది దసరా దాటాక.
గోరు పెరిగితే పట్టు బట్టకి పోగులు లేస్తాయి,
పని పోతుంది, కుదరదురా అని పెట్టాను.

ఆదివారం మెట్ల మీద ఎండలో కూర్చుని
తొమ్మిది గోళ్ళు తీసుకున్నాను.