ఇవ్వవలసినవి

షువైఖ్‌లో మా లాండ్రీకి కిటికీల్లేవు.
నా బల్ల ముందు మాత్రం ఒక అద్దం ఉంది.
అవతల దుప్పట్ల ప్రెస్సు, ఆవిరి,
ఆవిరిలో మోచేతుల దాకా కనపడే మనుషులు.

ప్రొద్దుటూరు బంగారంగట్లో లెక్కలు రాసేటప్పుడు
తరుగంటే నాకు గోరంత.
గాజు చేస్తుంటే రాలేది,
కొన్నవాళ్ళ నెత్తిన వేసేది.
ఇక్కడ తరుగు ఇంకో రకం.
ఓడ దిగిన ప్రెస్సుకు పదేళ్ళ ఆయుష్షు రాసి
ఏటా పదోవంతు నేనే కోస్తాను.
దాని ముసలితనానికి పుస్తకంలో ఒక గడి ఉంది.

ఈ నెల లాభం వచ్చింది.
జీతాలు రాలేదు.
రెండూ నిజమే, పక్కపక్కనే నిజం.
సాల్మియా హోటలు మూడు నెలల దుప్పట్లకి ఇవ్వాలి,
ఆసుపత్రి నాలుగు నెలల తెల్లకోట్లకి.
ఉతికిన రోజే ఆదాయమని రాసుకుంటాం,
చేతిలో పడిన రోజుకే అది పైకం.
ఈ రెండు రోజుల మధ్య బతికేవాళ్ళు
మెస్సులో అరువు పెడుతున్నారు.

కోశి సారు రెండ్రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు,
సిబ్బందిలో ఉత్సాహం నింపడం ఎలాగని.
తెల్లబోర్డు మీద త్రిభుజం గీసి అయిదు అంతస్తులు చేశారు.
అడుగున అన్నం, పైకొసన ఆత్మతృప్తి.
"మాసిన గుడ్డల కుప్ప మాదిరుందే" అన్నాడు పెంచలయ్య,
"మనది ఎప్పుడూ అడుగుదేనా?"
ఎవరూ తర్జుమా చేయలేదు.
కేకు కోశారు. పెంచలయ్యకి ఉత్తమ ఉద్యోగి పత్రం,
లామినేషన్‌తో సహా.
కేకు పదకొండు దీనార్లు. సిబ్బంది సంక్షేమం కింద రాశాను.
పత్రం ఒకటింబావు. స్టేషనరీ.

సాయంత్రం ఆ పత్రంతోనే విసురుకుంటూ
అద్దం తట్టాడు.
"మేడం, ఆ పుస్తకంలో నేను యాడుండా?"
ఖర్చుల్లో. సబ్బుపొడి కింద, డీజిలు మీద.
"ఆ ప్రెస్సో?"
ఆస్తుల్లో.
"దానికి నూనె పోసేది నేనే గదా."
అవును.
"నా మోకాళ్ళకి రాస్తారా తరుగు?"
రాయం.

కోపం రాలేదు అతనికి.
దుప్పటి మీద వదలని మరకని చూసినట్టు
ఆ పేజీనే చూస్తున్నాడు.

అప్పుడు, ఎందుకో, కాగితం తిప్పాను.
ఏటా డిసెంబరు చివర నేనే రాసి
నేనే మరిచిపోయే వరస.
తొమ్మిదేళ్ళ సర్వీసు, తొంభై దీనార్ల జీతం.
మొదటి అయిదేళ్ళకి ఏడాదికి పదిహేను రోజులు,
ఆపైన ఏడాదికో నెల.
ఆరువందల పంతొమ్మిది దీనార్లు,
ఆరువందల పదిహేను ఫిల్సులు.
నువ్వు పోయేనాడు కంపెనీ నీకివ్వాల్సింది ఇది.
"పోయేదంటే, సచ్చి పోయేదా?"
ఊరికి పోయేది.

లోపల్లోపలే రెండుసార్లు చదువుకున్నాడు ఆ ఫిల్సుల్ని.
"అంటే మేడం, నేను వీళ్ళకి అప్పిచ్చినోణ్ణి."

మూడేళ్ళ బీకాంలో ఎవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.
బ్యాంకు కింద, సబ్బు సప్లయరు పైన,
పెంచలయ్య, రైల్వే కోడూరు.

మర్నాడు ఒక్కొక్కరే వచ్చారు.
దస్తగిరికి మూడువందల చిల్లర.
నేపాలీ పిల్లాడికి ఏడాది నిండలేదు, అయినా
రోజులు లెక్కగట్టి ఒక అంకె చెప్పాను.
నోట్లో బిళ్ళ పెట్టుకున్నట్టు దాన్ని పట్టుకుపోయాడు.
వారం తిరిగేసరికి చిరిగే దుప్పట్లు సగానికి తగ్గాయి.
త్రిభుజం పనిచేసిందన్నారు కోశి సారు.
"బాకీదారుడు బాగుండాల మేడం,
మన దుడ్డు మనకు రావాలంటే"
అన్నాడు పెంచలయ్య, నాకు మాత్రమే.

వాళ్ళకి నేను చెప్పనిది ఒకటుంది.
ఆ సొమ్ము రాసిపెట్టాం గాని దాచిపెట్టలేదు.
అంకె ఉంది, పెట్టె లేదు.
నెలనెలా కొంత వేరే ఖాతాలో వేద్దామా అని
కోశి సారు బల్లమీద చీటీ పెట్టాను.
రెండు గురువారాలు గడిచాయి.
చీటీ మీద టీ గ్లాసు గుండ్రం.

అద్దం అవతల పెంచలయ్య
మోకాళ్ళ మీద కూర్చుని
బాకీదారుడి కీళ్ళకి నూనె పోస్తున్నాడు.