కుర్చీ జరిపినందుకు

నవంబరు మంగళవారం, వూచ్ నగరంలో నా రిపేరు కొట్టుకి
పాత పిల్లల బండిలో ఆంప్లిఫయర్‌ని పడుకోబెట్టి
తోసుకుంటూ వచ్చింది పానీ గెనొవేఫా.
చక్రాల నిండా మంచు.
"దీనికి సత్తువ చాలట్లేదు, జియెమోవిత్.
రెట్టింపుది ఇయ్యి."

మూత విప్పాను. దుమ్ము, ఒక ఎండిన సాలీడు,
ఇరవై రెండేళ్ల కెపాసిటర్లు: ఉబ్బలేదు, కారలేదు.
పెట్టె మీద నలభై వాట్లని రాసుంది,
మీటరు మీద నలభై ఒకటి పలికింది.
మాట మీద నిలబడ్డవాణ్ణి
దొంగ అని ఎలా అనను?

తప్పు స్పీకర్లది అన్నాను.
చెప్పుల డబ్బాలంత పెట్టెలు, ఎంత పోసినా తాగేసే రకం.
వాటు పోస్తే మీటరు దూరాన ఎనభై నాలుగు డెసిబెల్సు,
మిగతాదంతా వేడి.
నా వెనక గోడకి చూడు,
మూతబడ్డ సినిమా హాలు బాకాలు, స్నానాల తొట్లంత.
వాటికి అదే వాటు నూట నాలుగు.
పిట్ట కొంచెం కూత ఘనం అంటారే,
ఇక్కడ పిట్టా ఘనమే, మేత ఒక్కటే కొంచెం:
వాటి రెండు వాట్లకి
నీ పెట్టెల్లో రెండొందలు పోయాలి.

"అయితే రెండొందలే ఇయ్యి."

కాదమ్మా, చెవికి బజారు లెక్క తెలీదు.
వాట్లు రెట్టింపు చేస్తే అది ఎక్కేది
మూడు డెసిబెల్సు, ఒక గడపంత ఎత్తు.
రెండింతలు వినబడాలంటే పదింతలు పొయ్యాలి,
పోస్తే లోపలున్న కాయిలు,
వెంట్రుకంత రాగి తీగ,
నీ పాట మధ్యలోనే కమిలిపోతుంది.

చెబుతూనే స్క్రూడ్రైవరు కోసం అటు తిరిగాను.
జవాబు లేదు.
ఇటు తిరిగాక, "ఏంటి, మళ్ళీ చెప్పు" అంది,
మీటరుని చూడకుండా నా నోటిని చూస్తూ.

అప్పుడు తెలిసింది.
ముప్పై ఒక్క ఏళ్లు నేత షెడ్డులో.
మా అమ్మదీ అదే షెడ్డు.
మగ్గాల హోరులో అక్కడ అందరూ పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లు;
ఇంటికొచ్చాక కూడా అమ్మ నన్ను
శబ్దం లేకుండా తిట్టేది.

చెవిటివాడి ముందు శంఖం అంటారు.
ఆ సామెత కట్టినవాడు
శంఖం ఎంత దూరంలో ఊదారో చెప్పలేదు.

సాయంత్రం నాలుగంతస్తులు మోసుకెళ్లి బిగించాను.
కిటికీ కింద రేడియేటరు, దాని పక్కన కుర్చీ,
స్పీకర్లు నాలుగు మీటర్ల అవతల అలమారు మీద.
వాటిని దించి రెండు స్టూళ్ల మీద నిలబెట్టాను.
కుర్చీని ఈడ్చాను, లినోలియం కాస్త చిరిగింది.
మీటరు దూరం.
కాగితం మీదయితే పన్నెండు డెసిబెల్సు లాభం,
గది గోడలు తమ వాటా పట్టుకున్నా
ఎనిమిదో తొమ్మిదో దక్కుతాయి.
అంత కొనాలంటే నీ నెల పింఛను చాలదు.

కూర్చుంది. "ఇక్కడ కాళ్లు చల్లగా ఉన్నాయి" అంది.
దుప్పటి తెచ్చి కప్పాను.
అకార్డియన్ రికార్డు పెట్టింది.
చాలాసేపు వింది, అరచెయ్యి పెట్టె మీద ఆనించి.
"కింది స్వరాలన్నీ వచ్చాయి. పైవి ఇంకా రాలేదేం?"

పోయినవాటిని ఏ వాటూ తీసుకురాదు.
ఆ మాట ఆమె కేసి చూసి అనలేక
వైర్లు చుడుతున్నట్టు కిటికీ వైపు తిరిగి అన్నాను.

"తెలుసులే" అంది వెనక నుంచి.
బయట చీకటి పడింది,
అద్దంలో నా పెదాలు కనబడ్డాయట.

"కుర్చీ జరిపినందుకు ఎంత?"
బిల్లులో ఏం రాయాలో తోచలేదు.
ఫ్యూజు మార్చినట్టు రాశాను,
ఐదు జ్లోటీలు.